హల్వా రిజిస్టర్: విశాఖ ఉక్కపోతలో హస్కీ పిల్ల, ఆరు నెలల లెక్క

విశాఖలో హస్కీని, అంటే మంచు దేశాల కుక్కని, పెంచొచ్చా అని ఎవరైనా అడిగితే వద్దనే చెప్తాను. ఆరు నెలలు పెంచాక కూడా అదే మాట. మేం కావాలని కొన్నది కాదిది, మా తమ్ముడి సరదా. డిసెంబర్ మొదటి వారంలో తొమ్మిది వారాల పిల్లని అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు, పన్నెండో రోజున బెంగుళూరులో ఉద్యోగం వచ్చిందని బ్యాగు సర్దుకున్నాడు. ఆ బ్యాగులో కుక్క లేదు. ఇక మిగిలింది నేనూ, అమ్మా, నాన్నా, ఎంవీపీ కాలనీలో మా కింది వాటా, ముందు ఇరవై అడుగుల ఖాళీ జాగా, అందులో ఒక కొబ్బరిచెట్టు.

నాన్న స్టీల్ ప్లాంటులో 31 ఏళ్లు షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యారు. ఇంట్లోకి కొత్త మెషీన్ ఏది వచ్చినా ఆయన చేసే మొదటి పని దానికో రిజిస్టర్ తెరవడం. ఇన్వర్టర్‌కి ఒకటుంది, వాషింగ్ మెషీన్‌కి ఒకటుంది. కుక్కకీ తెరిచారు. ఏ షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా నాన్న, బీ షిఫ్టు రాత్రి 10 దాకా అమ్మ, సీ షిఫ్టు తెల్లారేదాకా నేను. నాకు ఇంటి నుంచే పని కాబట్టి రాత్రి డ్యూటీ నాకే పడాలట, అందులో న్యాయం ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రిజిస్టర్ పక్కన పెట్టుకునే ఇదంతా రాస్తున్నా, తేదీలూ బరువులూ అన్నీ అందులోవే.

పేరు హల్వా. ఆడపిల్ల. హస్కీ అనగానే అందరూ నలుపూ తెలుపూ అనుకుంటారు, ఇది ఎర్రజాతిది, వీపంతా అచ్చం మాడుగుల హల్వా రంగు. ఒక కన్ను నీలం, ఒకటి గోధుమ. హస్కీల్లో అది మామూలే, జబ్బేం కాదు. పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి మాత్రం నమ్మకం కుదర్లేదు. "ఏటమ్మా ఇది, కుక్కా నక్కా? ఒక కన్ను మార్సీసినారేటి?" అన్నాడు మొదటి రోజు.

డిసెంబర్, 1వ వారం (బరువు 4.6 కిలోలు)

పనంతా ఉచ్చ తుడవడమే. మొదటి వారం ఇంట్లో 41 సార్లు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, అది దాని తప్పు కాదు. నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పది పదిహేను నిమిషాలకి ఒకసారి, ఆట మధ్యలో ఉన్నట్టుండి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే ఒకసారి, ఈ మూడు వేళలూ పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. పట్టుకోవాలంటే మనిషి దాని మీదే కన్నేసి ఉండాలి, అదీ కష్టం.

అమ్మ ప్రతిసారీ ఫినాయిల్ వేసి తుడిచేది, అది ప్రతిసారీ అక్కడికే వెళ్లి పోసేది. ఫినాయిల్‌తో మన ముక్కుకి వాసన పోతుంది, దాని ముక్కుకి పోదు. ముందు తడి పూర్తిగా పీల్చేసి, వెనిగర్ నీళ్లతో తుడిచి, తర్వాత పెట్ షాపులో దొరికే ఎంజైమ్ స్ప్రే కొట్టడం మొదలుపెట్టాక సోఫా వెనక మూల దానికి గుర్తు తప్పింది. ఆ ఒక్క మార్పుకే లెక్క సగానికి పడిపోయింది.

ఆ వారంలో నాన్న రాసిన ఒక పేజీ ఉన్నదున్నట్టు: "సీ షిఫ్టు. 11.40, ఒకటి, బయట, ఓకే. 2.15, ఒకటి, సోఫా వెనక, ఫెయిల్. కారణం: ఆపరేటర్ నిద్ర. 4.50, రెండు, బయట, కొబ్బరిచెట్టుకి పడమర. ప్లాంటు నార్మల్."

ఆపరేటర్ అంటే నేనే.

3వ వారం (5.9 కిలోలు)

కొరుకుడు. పాలపళ్లు 28, ఒక్కోటీ సూది. అమ్మ చీర కుచ్చిళ్లు, నాన్న లుంగీ అంచు, నా మడమలు, ఏది కదిలితే దాని మీదకి దూకడం. తమ్ముడు వీడియో కాల్‌లో "ముక్కు మీద ఒకటియ్యి అక్కా" అన్నాడు. ఇవ్వలేదు. కొడితే చెయ్యంటే భయం నేర్చుకుంటుంది తప్ప పన్ను ఎంత మెల్లిగా ఆనించాలో నేర్చుకోదు. మేం చేసిందల్లా, పన్ను తగలగానే ఆట ఆపేసి, చేతులు కట్టుకుని, అటు తిరిగి ఇరవై లెక్కపెట్టడం. తిరిగొచ్చి మళ్లీ ఆట, మళ్లీ పన్ను, మళ్లీ అటు తిరగడం. ముగ్గురం ఒకేలా చెయ్యాలన్నదే అసలు చిక్కు, ఎందుకంటే నాన్న దొంగతనంగా లుంగీ కొస అందించి గుంజులాట ఆడేవారు, రిజిస్టర్లో మాత్రం అది ఎక్కేది కాదు. నేను పట్టుకున్నాక "మెయింటెనెన్స్ టెస్టింగ్" అన్నారు.

ఫ్రీజర్లో పెట్టిన క్యారెట్ బాగా పనిచేసింది. పాత తువ్వాలుని తడిపి ముడేసి గడ్డకట్టించి ఇస్తే ఇంకా బాగా పనిచేసింది. నాలుగో నెల దాటాక ఒక ఉదయం వరండాలో బియ్యపు గింజంత పన్ను దొరికింది. అమ్మ దాన్ని చిన్నప్పుడు మా పళ్లకి చేసినట్టే డాబా మీదకి విసిరేసింది. కుక్కకీ కొత్త పళ్లు తిన్నగా రావాలిగా అంది. వచ్చాయి, 42.

సంక్రాంతి ముందూ వెనకా

టీకాల దగ్గర ఒక తిరకాసు ఉంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే దాదాపు పదహారు వారాల వయసు దాకా, వీధిలో నేల మీద దింపొద్దన్నారు డాక్టరుగారు. పార్వో అనే పేగుల జబ్బు క్రిమి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మా కాలనీలో వీధికుక్కలకీ తక్కువ లేదు. కానీ కుక్కపిల్ల మనసు లోకాన్ని భయం లేకుండా ఒప్పుకునే వయసు మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకే, ఆ తర్వాత కొత్తదేది చూసినా ముందు అనుమానమే. టీకాలయ్యాకే లోకం చూపిస్తామంటే అప్పటికి ఆ తలుపు మూసుకుపోతుంది.

అందుకని ఎత్తుకుని తిప్పాం. స్కూటీ ముందు బుట్ట కట్టి రైతుబజారు గేటు దాకా, బస్సులు ఆగే చోటుకి, లాసన్స్‌బేలో చేపలమ్మే చోటుకి. ఎక్కడా కిందికి దింపేది లేదు, ఊరికే చూడ్డమే. శబ్దం వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడి లివర్ ముక్క ఒకటి, చిటికెన గోరంత. పండగ నెల కావడం ఇక్కడ కలిసొచ్చింది. హరిదాసు వచ్చాడు, గంగిరెద్దు వచ్చింది. అమ్మ ఒళ్లో కూర్చుని గంగిరెద్దు మూపురం మీద బొంత, కొమ్ముల గజ్జెలు, సన్నాయి అన్నీ చూసింది, సన్నాయికి మాత్రం తల పైకెత్తి సన్నగా ఊళ వేసింది. ఎద్దు తలాడించింది, గంగిరెద్దాయన ఇద్దరికీ కలిపి దీవెన పెట్టాడు. రిజిస్టర్: "శబ్ద పరీక్ష, పాస్. ఖర్చు: పాత చీర 1, బియ్యం 2 కిలోలు."

ఇంత చేసినా ఒకటి తప్పిపోయింది. ఫిబ్రవరిలో మొదటిసారి బీచ్ రోడ్డు మీద నడిపించినప్పుడు బస్సులకి బెదరలేదు, జనానికి బెదరలేదు, విగ్రహాల దగ్గర బిగుసుకుపోయింది. మన బీచ్ రోడ్డు నిండా విగ్రహాలే కదా. మనిషిలా నిలబడి ఉండి కదలకుండా, వాసన రాకుండా ఉంటే దానికి అది దెయ్యంతో సమానం. మొదటి రోజు ముప్పై అడుగుల దూరంలో ఆగి, అది విగ్రహం వైపు చూసిన ప్రతిసారీ ముక్క పెట్టాను, అంతే, వెనక్కి వచ్చేశాం. లాక్కెళ్లలేదు. రెండో రోజు నాలుగడుగులు ముందుకి. ఎనిమిదో రోజున దిమ్మె దాకా వెళ్లి వాసన చూసి, తుమ్మి, వెనక్కి తిరిగి నన్ను చూసింది, ముక్క ఏదీ అన్నట్టు. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసురా సబ్‌మెరైన్‌ని మాత్రం మొదటి రోజు నుంచీ పట్టించుకోలేదు, అంత పెద్దది దానికి గోడ లెక్క అనుకుంటా.

ఫిబ్రవరి: "రా" అనే మాటతో వచ్చిన తంటా

ఇది మాత్రం కాస్త వివరంగా రాయాలి. తెలుగిళ్లలో కుక్కని పెంచేవాళ్లందరికీ వచ్చే చిక్కే ఇది, ఇంగ్లీషు వీడియోలు చూస్తే తెలియదు.

కూర్చో, ఆగు, రా. ఈ మూడూ తెలుగులోనే నేర్పుదామనుకున్నాం, అమ్మా నాన్నలకీ తేలిగ్గా ఉంటుందని. కూర్చో నాలుగు రోజుల్లో వచ్చింది. ముక్కని ముక్కు ముందు నుంచి తల మీదుగా వెనక్కి తీసుకెళ్తే పిరుదులు వాటంతటవే ఆనుతాయి, ఆనగానే "ఆఁ" అని ఒక్క మాట, వెంటనే ముక్క. ఆ "ఆఁ" అన్నది ముఖ్యం. సరిగ్గా ఏ క్షణాన చేసినదానికి కూలి వస్తోందో దానికి తెలియాలి. ఆగు రెండు వారాలు పట్టింది.

రా అసలు రాలేదు. చికెన్ చూపిస్తే వస్తుంది, లేకపోతే తల కూడా తిప్పదు. చెవుడేమో అని కూడా అనుకున్నాం. ఒక రోజు భోజనాల దగ్గర కూర్చుని నాన్న మాటలు విన్నాను. "ఏరా, ఎక్కడిదాకా వచ్చిందిరా బండి", ఫోన్లో తమ్ముడితో. "తినరా ముందు." "ఉండరా బాబూ." అమ్మ గుమ్మం దగ్గర పక్కింటి పిల్లాడితో "ఒరే, ఇలా రారా, ఈ గిన్నె ఇచ్చి రా." రోజుకి రెండొందల సార్లు ఇంట్లో ఈ మాట వినిపిస్తుంది, ఒక్కసారీ కుక్కకి సంబంధం ఉండదు. దాని దృష్టిలో రా అంటే ఫ్యాను చప్పుడు. దానికి తోడు స్నానానికి పిలిచినా రా, గోళ్లు కత్తిరించడానికి పిలిచినా రా. అర్థం లేని మాట, అర్థం ఉన్నప్పుడు చెడ్డ మాట.

మాట మార్చాలి, ఇంట్లో ఎవరూ వాడని మాట కావాలి. దానికి ప్రాణమైన వస్తువు పెరుగు, స్పూనుడు ఉత్త పెరుగు కోసం కొబ్బరిచెట్టు ఎక్కమన్నా ఎక్కుతుంది. అమ్మకి చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో చల్లమ్మే ఆవిడ కేక గుర్తొచ్చింది. "చల్లమ్మా... చల్లో..." అని సాగదీసి, చివర కాస్త పైకి లేపి. మేమెవరం మజ్జిగని చల్ల అనం ఇప్పుడు, కాబట్టి మాట ఖాళీగా ఉంది. పదిహేను రోజులు నియమం ఒక్కటే: ఆ కేక వేస్తే చేతిలో పెరుగు స్పూను ఉండి తీరాలి, పెరుగు లేకపోతే కేక వెయ్యకూడదు, స్నానానికీ గోళ్లకీ అస్సలు వాడకూడదు. మొదట గదిలో మూడడుగుల నుంచి, తర్వాత గది నుంచి గదికి, తర్వాత పెరట్లో. అప్పట్లో నేను వేస్తే సగం సార్లు వచ్చేది, నాన్న వేస్తే నవ్వొచ్చేది, అమ్మ వేస్తే ఎక్కడున్నా బాణంలా వస్తుంది, వస్తూ వస్తూ "ఊఊ" అని బదులిస్తుంది కూడా. హస్కీలు మొరిగేది తక్కువ, ఇలా మాట్లాడేదే ఎక్కువ.

నోట్లోది వదలడానికి మాట వెతుక్కోనక్కర్లేకుండా దొరికింది. వాచ్‌మన్ ఒకసారి తన కర్ర లాక్కుంటుంటే "ఒగ్గే, ఒగ్గీ" అని అరిచాడు, అది ఆశ్చర్యపోయి వదిలేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో "ఒగ్గు" అంటే వదిలెయ్. వదిలితే దానికన్నా మంచిది ఇంకొకటి చేతికి రావాలి. ఉత్తపుణ్యానికి దేన్నీ ఒగ్గదు.

లాబ్రడార్ పెంచిన వాళ్లు మా ఇంటికొచ్చి మొండిదండీ అంటారు. మొండిది కాదు, లెక్కలు చూసుకునే మనిషి లాంటిది. చెప్పింది అర్థమవుతుంది, అయ్యాక ఒక్క క్షణం ఆగి "నాకేంటి" అని చూస్తుంది. అది తేల్చకుండా అరిస్తే మన గొంతే పోతుంది.

మార్చి: లాగుడు, తాడు, నాన్నగారి రిలీవర్లు

లాగుడు గురించి ఎవరికి వాళ్లకి తెలియాలి. 12 కిలోల పిల్ల 62 కిలోల నన్ను టెన్నేటి పార్కు దగ్గర ఇసుకలోకి బోర్లా పడేసింది. వీపు మీద కొక్కెం ఉండే హార్నెస్ వేశాను, అది లాగే కుక్కలకి బండి కట్టే పద్ధతి, లాగమని నేనే చెప్పినట్టయింది. రొమ్ము దగ్గర కొక్కెం ఉన్నది మార్చాక లాగితే తనే పక్కకి తిరిగిపోతుంది. తాడు బిగిస్తే నేను చెట్టులా నిలబడిపోవడం, వదులైతేనే నడవడం. మొదటి వారం మా గేటు నుంచి వీధి చివరకి వెళ్లడానికి నలభై నిమిషాలు పట్టింది, దారిన పోయేవాళ్లు ఏమైనా పోయిందామ్మా వెతుకుతున్నావా అని అడిగారు.

నాన్న ఈ లాగుడు సంగతి చదివి తెలుసుకున్నారు. సైబీరియా ఈశాన్య మూల చుక్చీ జనం బండ్లు లాగించడానికి పెంచిన జాతి ఇది. 1925లో అలాస్కాలో నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా వస్తే, మందుని రైలు ఆగిపోయే చోటు నుంచి కుక్కబండ్ల మీద చేరేశారు, 674 మైళ్లు, అంటే 1,085 కిలోమీటర్లు, ఇరవై మంది బండివాళ్లు, నూటయాభై దాకా కుక్కలు, అయిదున్నర రోజులు. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లి మళ్లీ ముప్పావు దారి వెనక్కొచ్చినంత, మంచులో. పేరంతా చివరి విడత పరిగెత్తిన బాల్టోకి వచ్చింది, అందరికన్నా ఎక్కువ దూరం, ప్రమాదమైన దారి పరిగెత్తింది టోగో. నాన్న ఆ రోజంతా అదే మాట. "చూశావా, రిలీవర్ వచ్చేదాకా ఎవడూ డ్యూటీ దిగలేదు." రిలీవర్ అంటే తర్వాతి షిఫ్టుకి వచ్చే మనిషి. నన్నే చూస్తూ అన్నారు.

విప్పి వదలడం మాత్రం లేదు. ఎంత నేర్పినా పిల్లి కనిపిస్తే ఆ క్షణాన దాని చెవులు పనిచెయ్యవు. బదులు పూర్ణా మార్కెట్లో వలల వాళ్లు కొనే నైలాన్ తాడు పది మీటర్లు కొని హార్నెస్‌కి కట్టాం. తెల్లారి ఖాళీ ఇసుకలో అది స్వేచ్ఛ అనుకుంటుంది, కొస నా చేతిలో ఉంటుంది. తొడుగు లేకుండా పట్టుకోకండి, నా అరచేతిలో గీత ఇంకా ఉంది.

మార్చి చివరి ఆదివారం

రాయాలనిపించదు, కానీ ఇది రాయకపోతే మిగతాదంతా దండగ.

నిద్ర లేవడం ఆలస్యమైంది. ఏడున్నరకి బయల్దేరాం, ఎండ ఇంకా ముదరలేదు, ఫోన్లో 29 డిగ్రీలే ఉంది, ఏమవుతుందిలే అనుకున్నా. మబ్బు కూడా ఉంది. గాలి మాత్రం లేదు, తేమ ఎనభై దాటి ఉంది, చొక్కా ఒంటికి అతుక్కునే రకం ఉక్క. అప్పూఘర్ నుంచి వెనక్కొస్తుంటే నడక మందగించింది. నాలుక ఎప్పటికన్నా రెండింతలు వెడల్పై గరిటెలా వేలాడుతోంది, చొంగ తీగలు తీగలుగా సాగుతోంది, చిగుళ్లు ఇటుక రంగు. గేటు లోపలికి రాగానే వెనక కాళ్లు తడబడ్డాయి.

నాన్న థర్మామీటర్ పెట్టారు, 104.8. మామూలుగా కుక్కకి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. పెరటి కుళాయి విప్పి కడుపు, చంకలు, తొడల లోపల, పాదాలు తడిపేశాం, ఎదురుగా టేబుల్ ఫ్యాను. అమ్మ తడి దుప్పటి కప్పబోతే ఆపాం, కప్పితే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, నీళ్లూ గాలీ కలిస్తేనే చల్లబడుతుంది. 103కి దిగగానే తడపడం ఆపి ఆసుపత్రికి పరిగెత్తాం, ఆపకపోతే మరీ కిందికి జారిపోతుంది. సెలైన్, రక్తపరీక్ష, సాయంత్రం దాకా అక్కడే. బతికింది. తప్పు నాదే, రిజిస్టర్లో నాన్న కారణం గడి ఖాళీగా వదిలేశారు, నేనే నింపాను.

నాకు ఆ రోజు అర్థమైందేమిటంటే, మన ఊళ్లో చూడాల్సింది ఎండ ఒక్కటే కాదు, అంతకన్నా ముందు ఉక్క. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కొంచెం పడుతుంది అంతే, వగర్చి నోటి తడిని ఆవిరి చేసుకునే చల్లబడాలి. గాలిలోనే నీళ్లు నిండి ఉంటే ఆ తడి ఆరదు. పొడి ఊళ్లో 34 డిగ్రీలకన్నా గాలి కదలని విశాఖలో 29 డిగ్రీలు ఎక్కువ భయపెట్టొచ్చు. అప్పటి నుంచి మా గడియారం మారిపోయింది. నడక తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలు, ఆరుకి ఇంట్లో. సాయంత్రం నడక ఏడున్నర తర్వాత, అదీ తారు రోడ్డు మీద చెయ్యి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించగలిగితేనే. పగలంతా ఒక గదిలో ఏసీ 26 మీద. ఏప్రిల్ కరెంటు బిల్లు తమ్ముడికి ఫొటో తీసి పంపాను, వాడు బొటనవేలు బొమ్మ పంపాడు.

కరెంటు పోతే ఏంటి అన్న ప్రశ్నకి నాన్న జవాబు కొబ్బరిచెట్టు కింద గొయ్యి. అది అప్పటికే తవ్వుకుంటోంది, మొక్కలు పోతున్నాయని అమ్మ గొడవ. నాన్న నాలుగడుగుల మేర ఇటుకలు పేర్చి, ఇసుక పోసి, మధ్యాహ్నాలు నీళ్లు చల్లడం మొదలుపెట్టారు. కడుపు ఆనించి పడుకుంటుంది. మొక్కలూ బతికాయి.

గుండు గురించి కూడా చెప్పేస్తా. "అంత జుట్టుతో ఎలా బతుకుతుంది పాపం, సింహాచలం తీసుకెళ్లి గుండు కొట్టించెయ్యండి" అని పక్కింటి మాస్టారు కనీసం పదిసార్లు అన్నారు, ఒక సెలూన్‌లో కూడా మెషీన్ పట్టమంటారా అని అడిగారు. వద్దు. లోపల మెత్తటి ఊలు, పైన పొడుగు వెంట్రుక, రెండు పొరలు. పైపొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది, కొరిగేస్తే మళ్లీ అదే తీరున వస్తుందన్న నమ్మకం లేదు. చెయ్యాల్సింది రాలే లోపలి ఊలుని దువ్వి తీసెయ్యడం, గాలి ఆడటానికి. చలిదేశాల్లో ఏడాదికి ఒకట్రెండు సార్లు ఊలు రాల్చుకుంటాయట, మా ఇంట్లో ఫిబ్రవరిలో మొదలైంది, ఇంకా ఆగలేదు. సాంబార్లో కూడా తేలింది ఒకసారి. నాన్న తీసి పక్కన పెట్టి తినేశారు.

తిండి మీద ఒక్క ముక్క

మొదట్లో అన్నం ఎక్కువ పెట్టేవాళ్లం. ఏప్రిల్‌లో కళ్ల చుట్టూ, మూతి దగ్గర పొలుసులు లేచాయి. హస్కీలకి జింకు సరిగా ఒంటబట్టని గుణం ఉంటుంది, గింజల తిండి ఎక్కువైతే ఇంకా తగ్గుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆయన రాసిన మోతాదులో మందు, అన్నం తగ్గించి కోడి, గుడ్డు, ముళ్లు తీసి ఉడికించిన కానాగంతలు, గుమ్మడి. నెలలో తగ్గింది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దగ్గరికి రానివ్వం. ప్రసాదంలో కిస్‌మిస్ ఉంటుందని అమ్మకి గుర్తు చెయ్యడం నా డ్యూటీ. పిడుదుల మాత్ర నెలనెలా.

మే నెల, పరారీ

గ్యాస్ బండ దించిన అబ్బాయి గేటు జారవేసి వెళ్లాడు. సాయంత్రం 5.55. నేను చూసేసరికి తోక మలుపు తిరిగింది. ఇంకా వేడి దిగలేదు, మార్చి ఆదివారం కళ్ల ముందు తిరుగుతోంది. నాన్న స్కూటర్ మీద ఒక వైపు, నేను చెప్పుల్లేకుండా ఇంకో వైపు, పేరు పెట్టి పిలుస్తూ. వెంటపడితే అది ఆట అనుకుని ఇంకా పరిగెడుతుందని తెలిసి కూడా పరిగెత్తాను, టెన్షన్‌లో తెలిసినవేవీ పనికిరావు.

అమ్మ పరిగెత్తలేదు. ఇంటికి రెండు వీధుల అవతల నాలుగు దార్ల మధ్య నిలబడి, కొంగు బొడ్లో దోపుకుని, "చల్లమ్మా... చల్లో..." అని ఎత్తుకుంది. ఒకసారి, రెండుసార్లు, ఆగి మళ్లీ. ముందు ఒక పెద్దావిడ గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"ఎంతకిస్తన్నావమ్మా? ఉప్పేసిందా, వెయ్యందా?"

"చల్ల లేదండీ. కుక్క కోసం పిలుస్తున్నా."

"కుక్కకి పోస్తావు గానీ మనుసులకి లేదేటి?"

ఎదురింట్లోంచి ఇంకొకావిడ చెంబుతో వచ్చింది. అమ్మ ఇద్దరికీ చెప్తూనే కేక వేస్తోంది. మూడో వీధిలోంచి "ఊఊ" అని వినిపించింది, ఆ తర్వాత హల్వా, నోట్లో ఎవరిదో చెప్పు, చెవులు వెనక్కి, పూర్తి వేగంతో. వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, చెప్పు కింద పెట్టి, చేతుల వంక చూసింది.

చేతుల్లో పెరుగు లేదు. కేక వేస్తే పెరుగు ఇచ్చి తీరాలన్న మా నియమం అక్కడ ఆగిపోయేదే. హార్నెస్ పట్టుకుని అమ్మ "అయ్యో ఇవ్వడానికేం లేదు" అంటుంటే పెద్దావిడ లోపలికెళ్లి అరగరిటె పెరుగు తెచ్చింది. "తోడుకుంచినాను. పొయ్యి దానికి, మాటిచ్చి పిలిసినావు కదా" అంది.

రిజిస్టర్: "5.55 పరారీ. 6.38 రికవరీ. టెంపరేచర్ 102.9, అరగంటలో 102. నష్టం: కుడికాలి చెప్పు 1, యజమాని తెలియదు. బాకీ: పెద్దావిడకి తోడు పెరుగు, అరగరిటె. చర్య: రెండో గేటు."

జూన్ మొదటి వారం (17.2 కిలోలు)

రెండో గేటు పెట్టించాం, మొదటిది మూస్తే తప్ప రెండోది తెరవకూడదని దాని మీద నాన్న పెయింటుతో రాశారు. ఇంట్లో ఉచ్చ నెల రోజులుగా సున్నా. కూర్చో, ఆగు, ఒగ్గు ఖాయం. చల్ల పదికి తొమ్మిది, అమ్మ నోట్లో అయితే పదికి పది. లాగుడు ఇంకా ఉంది, పిల్లి కనిపిస్తే ఏ హార్నెస్సూ పనిచెయ్యదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరుగారితో మాట్లాడాలి. ప్రహరీ మీదకి ముందుకాళ్లు ఆనించి అవతలికి చూడ్డం ఈ వారమే మొదలుపెట్టింది, దాని మీద ఇంకో అడుగున్నర జాలీ వెయ్యాలి, మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.

పెద్దావిడ బాకీ మర్నాడే తీర్చాం, గిన్నెడు. చెప్పు మాత్రం గేటుకి తగిలించి మూడు వారాలైంది, ఎవరూ రాలేదు.